మజా ఎనిమిది, అందడం సున్నా

గనిలో డంపరు లారీ డ్రైవరు గవర్రాజు కంటబడిన ప్రతిదానికీ మార్కులు వేస్తాడు. ఒకటి కాదు, రెండు. మొదటిది మజాకి, రెండోది అందడానికి. రెండూ పదికే. తినే అన్నానికి కూడా వేస్తాడు. ఆయన మార్కులు చెప్పేదాకా గరిటె కింద పెట్టకుండా నిలబడటం భార్య అప్పలనరసమ్మకి పెళ్ళయిన కొత్తలోనే అలవాటైపోయింది.

గని క్యాంటీన్‌లో రెండు ప్లేట్ల ఉప్మా లాగించి, "మజా ఏడు, అందడం మూడు" అంటూ చెయ్యి కడుక్కుంటాడు. షిఫ్టు బస్సులో కిటికీ పక్కన దర్జాగా కూర్చుని, "మజా ఎనిమిది, అందడం ఒకటి" అంటాడు. ఒక స్నేహితుడి కూతురి పెళ్ళిలో అక్షింతలు వేసి, "మజా తొమ్మిది" అని ఆగిపోయాడు. రెండోదేదని పెళ్ళికొడుకు అడిగితే, పదేళ్ళాగి పెళ్ళికూతుర్ని కనుక్కుని చెబుతానన్నాడు.

రెండు ప్లేట్లు తిన్నవాడికి ఉప్మా అందకపోవడమేమిటో, సీటు దొరికినవాడికి బస్సు అందకపోవడమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. పాపం, మనిషికి లెక్కలు రావులే అని సరిపెట్టుకున్నారు.

బచేలీ దాటాక కొండ కిందున్న ఆ ఇనప గని టౌన్‌షిప్పు క్లబ్బుకి ఓసారి వీఆర్ సెట్టు ఒకటి వచ్చింది. కళ్ళకి గంతలా కట్టుకుని, రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుంటే, ఎదురుగా ఉన్న గోడ మాయమై సముద్రమో కొండో ప్రత్యక్షమవుతుంది. అందులో పన్నెండు ఆటలు. నెలరోజులు ఆడి చూసి, ఒక్కో ఆట ఎంత సరదాగా ఉందో, ఆడటానికి ఎంత వీలుగా ఉందో ఫారంలో మార్కులు వేయాలి. రెండు గళ్ళలోనూ ఐదు దాటిన ఆట ఒక్కటైనా ఉంటే సెట్టు కొంటారు. లేకపోతే నెలాఖరుకి వచ్చిన పెట్టెలోనే వెనక్కి పోతుంది.

రెండు గళ్ళ ఫారం చూడగానే క్లబ్బు కమిటీలో అందరి తలలూ గవర్రాజు వైపు తిరిగాయి. అతని కోసమే అచ్చు వేయించినట్టుంది మరి. ఏ సాయం కావాలన్నా తీసుకోవచ్చని రాసి, సంతకం పెట్టి, అతన్ని న్యాయనిర్ణేతను చేశారు.

ఫారం నింపించే పని జయ మీద పడింది. క్లబ్బు తాళాలూ, లైబ్రరీ చూసే పిల్ల. పేకాట బల్లలు తప్ప ఇంకేమీ లేని ఆ క్లబ్బుకి కొత్తదేదైనా తెప్పించమని రెండేళ్ళు అర్జీలు రాసి రాసి సాధించింది. వచ్చిన సెట్టుని వెనక్కి పోనిచ్చే ప్రసక్తే లేదని పంతం పట్టింది.

మొదటి రోజే గవర్రాజు డ్రాగన్ ఆటకి దిగాడు. గనిలో డంపరు ఇంజను వేసే ముందు ఒక హారను, ముందుకి పోవాలంటే రెండు, వెనక్కి రావాలంటే మూడు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? డ్రాగన్ నిప్పులు కక్కుతూ మీదికొస్తుంటే, వెనక్కి తప్పుకోబోయి, ఆగి, "పోం, పోం, పోం" అని నోటితోనే మూడు హారన్లు కొట్టాడు. ఈలోగా అది మింగేసింది. మర్నాడు వచ్చిన షిఫ్టువాళ్ళందరిదీ ఇదే తంతు. ఆ నెలంతా డ్రాగన్‌కి తిండికి లోటు లేకపోయింది.

వారం తిరిగేసరికి మజా గడి నిండింది. రెండో గడి ఖాళీ. జయ నిలదీసింది.

"నాకెలా తెలుస్తాది, జయమ్మా? నాకు అలవాటైపోనాది. గుమ్మం బయట నిలబడ్డోళ్ళని అడగాల."

మర్నాడు మంగిని వెంటబెట్టుకొచ్చాడు. కోంటా వైపు దొర్ల తెగ మనిషి, క్లబ్బు ఊడ్చే కాంట్రాక్టు కూలీ. ఆ సెట్టు మీద రోజూ దుమ్ము దులిపేది ఆమే. తలకి మాత్రం పెట్టుకోకూడదు. క్లబ్బు పర్మినెంటు వాళ్ళకీ, వాళ్ళ కుటుంబాలకీ మాత్రమేనని గోడమీద బోర్డుంది. వాచ్‌మన్ యేసుపాదం ఆ బోర్డు చూపించాడు. గవర్రాజు కమిటీ కాగితం చూపించాడు. సాయానికి తెచ్చుకున్న మనిషి అన్నాడు.

మంగి చేపల ఆటలో మూరెడు చేపని లాగింది.

"చేప దొరికింది, మంచిగనే ఉంది. వండుకునుడెట్ల, డ్రైవరన్నా?"

మంగి తర్వాత కాంట్రాక్టు హెల్పర్ బుధ్రా వచ్చాడు. ఆటలో కొండ శిఖరం దాకా ఎక్కి, నాలుగు దిక్కులూ చూసి, ఈ కొండనింకా ఎవరూ తవ్వలేదేమని హిందీలో అడిగాడు. ఆ తర్వాత ఇంకో కూలీ జోగి, జోగి వాళ్ళమ్మ. రోజుకొకరు వస్తున్నారు, ఆడుతున్నారు. రెండో గడి మాత్రం అలాగే ఉంది.

క్లబ్బు అధ్యక్షుడు భూషణం గారు ఆఫీసరు. ఆయనకి చేపల ఆట పిచ్చి పట్టింది. సాయంత్రం ఐదయ్యేసరికి తువ్వాలు భుజాన వేసుకుని, నిజంగా ఏటికి పోతున్నట్టు వచ్చేవాడు. తీరా చూస్తే జోగి వాళ్ళమ్మ నింపాదిగా చేపలు పడుతూ ఉండేది. ఈ పరీక్ష ఇంకెన్నాళ్ళని ఆయన జయ మీద విసుక్కున్నాడు.

ఆఖరి రోజు గవర్రాజు ఫారం తెచ్చిచ్చాడు. పన్నెండు ఆటలకీ మజా ఎనిమిదికి తగ్గలేదు. పక్క గడిలో పై నుంచి కింద దాకా సున్నాలు.

జయ సున్నాలన్నీ వేలితో లెక్కపెట్టింది.

"ఇదేంటి బాబాయ్? మంగి పన్నెండూ ఆడింది. నీకంటే బాగా ఆడింది. సున్నా ఎలా వేస్తావ్?"

"ఆడింది. రేపట్నుంచి ఆడగలదా?"

జయ గోడమీది బోర్డు వైపు చూసింది. పరీక్ష ఈ రోజుతో సరి. రేపు మంగి మళ్ళీ దుమ్ము దులిపే మంగే. అప్పుడు జయకి ఉప్మా గుర్తొచ్చింది. కాంట్రాక్టు వాళ్ళు షిఫ్టు దిగి వచ్చేసరికి క్యాంటీన్‌లో గిన్నె అడుగు గోకుతుంటారు. బస్సులో సీట్లు సగం ఖాళీగా పోతుంటే బుధ్రా వాళ్ళు ఆ వెనకే దుమ్ములో నడిచొస్తారు. గవర్రాజు లెక్కల్లో తప్పేమీ లేదు. రెండో మార్కు ఏనాడూ అతనిది కాదు, వరసలో ఆఖరి మనిషిది.

కలం జయ చేతిలోనే ఉంది. సున్నాకి తోక తగిలిస్తే ఆరవుతుంది, అడిగేవాడు లేడు. ఆ పని చెయ్యలేదు. ఇంకో కాగితం తీసి నాలుగు ముక్కలు రాసుకుని, రెండూ పట్టుకుని భూషణం గారి గదిలోకి నడిచింది.

ఆయన సున్నాలు చూశాడు. బల్ల మీద సెట్టు కోసం తెరిచి పెట్టిన ఖాళీ పెట్టెను చూశాడు. నిన్న ఆటలో గాలం తెగి తప్పించుకున్న పెద్ద చేప కళ్ళముందు ఆడినట్టుంది. ఇవి ఆరవ్వాలంటే ఏం కావాలని అడిగాడు. జయ రెండో కాగితం ముందుంచింది. కాంట్రాక్టు కూలీలూ, వాళ్ళ కుటుంబాలూ క్లబ్బులో కూర్చోవచ్చు, ఆడవచ్చు. ఆయన 'ఆదివారాలు మాత్రమే' అని చేర్చి సంతకం పెట్టాడు.

గవర్రాజు సున్నాలన్నీ కొట్టేసి ఆర్లు వేశాడు. పది వేస్తే నీ సొమ్మేం పోయిందని జయ అడిగితే, వారానికింకా ఆరు రోజులున్నాయి కదమ్మా అన్నాడు.

మొదటి ఆదివారం మంగి పక్కింటి ఆడవాళ్ళని కూడా తీసుకుని, తల దువ్వుకుని వచ్చింది. గంత కట్టుకుని డ్రాగన్ ముందు నిలబడింది. కాసేపటికి, "పోం, పోం, పోం" అంది. వెనక కుర్చీలో అందరికంటే ఆఖరి వంతు కోసం కాచుకున్న భూషణం గారు గబుక్కున కుర్చీ జరుపుకుని దారిచ్చాడు. ఆయనా గని మనిషే కదా.

ఆట ముగిశాక గవర్రాజు మార్కులడిగాడు.

"మజా పది," అంది మంగి గంత విప్పుతూ. "అందుడు ముచ్చట నన్నెందుకు అడుగుతవు, డ్రైవరన్నా? ఆ ఎనక కూసున్న సారునడుగు."