నల్ల బంతి వెనకే తెల్ల బంతి

మా వీధి చివర పూల్ హాల్లో దర్జీగారికి ఆట కంటే పాఠం మీద మోజు. కొత్తవాడు కనిపిస్తే చాలు, బొజ్జ బల్లకి ఆనించి అందుకుంటాడు: “ఈ కర్ర పేరు క్యూ. దీంతో తెల్ల బంతినే కొట్టాలి. మొదటి దెబ్బకి గుంపు చెదరగొడితే బ్రేక్. బంతి దిగే చిల్లు పాకెట్.” చెబుతూ చెబుతూ కర్ర మొనకి రాసే రంగు సుద్ద అంటిన వేళ్లతో ముక్కు తుడుచుకుంటాడు, ఇంటికెళ్లేది నీలం ముక్కుతోనే.

ఓ ఆదివారం బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. చదరంగంలోనూ పేకలోనూ ఈయన్ని ఓడించి, ఆ ముచ్చట అక్క ముందు పూసగుచ్చినట్టు చెప్పే ఘనుడతను. ఈ ఆట మాత్రం అతనికి కొత్త. చివరికి దర్జీగారికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అది పడితే పెళ్లయ్యాక మొదటి గెలుపు. ఊపిరి బిగబట్టి కొట్టాడు. నల్లది పాకెట్‌లో పడింది. తెల్లది కూడా తాపీగా దాని వెనకే దిగింది. అలా రెండూ పడితే కొట్టినవాడు ఓడినట్టే. ఆ ఒక్క పాఠమే ఇంకా చెప్పలేదు.

“గెలిచేశావు బావా!” అంటూ చెయ్యి కలిపాడు బావమరిది. “అవునూ, తెల్లది కూడా పడిందేం?”

“అదా... దానికి తోడెళ్లిందిలే,” అన్నాడు దర్జీ, చెప్పులు వెతుక్కుంటూ. “పద పద, మీ అక్కకి నువ్వే చెప్పాలి.”