నీటికాకిని విడిపించబోయిన పొద్దు

“ఏమే, చెరువుకాడ నీటికాకులు వాలినయ్యా?”

“వాలినయిలే. నువ్వు ముందు ఆ గంజి తాగు.”

మా ఆయనా నేనూ అనుకున్న చివరి మాటలు ఇవే. గంజి చల్లారకముందే ఆయన పోయాడు. ఏడవాల్సిందేదో అప్పుడే ఏడ్చాను. ఇప్పుడు చెప్పేది మా కొత్తకాపురం నాటి సంగతి. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే మా చెల్లెలి మనవరాలు రాస్తోంది.

అప్పటికింకా సాగర్ కాలవ రాలేదు. నరసరావుపేటలో మా వైపు జనమంతా మంచినీళ్ల చెరువు మీదే బతికేవాళ్లు. ఆ చెరువుకు ఆయన కాపలా. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రేవులో చివరి మెట్టు దాటి ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు. పెడితే ఆయన పని పోతుంది. పని పోతే మళ్లీ వెల్దుర్తి చేలల్లో రాళ్లు ఏరుకోవడమే.

చలికాలం, ఒక ఆదివారం. ప్రార్థనకు ఇంకా వేళుందని, పిట్టల్ని చూపిస్తానని నన్ను కట్ట మీదికి తీసుకెళ్లాడు. మా మెట్ట ఊళ్లో కాకీ పిచ్చుకా తప్ప నేనేం చూశాను? ఇక్కడ పరజ బాతులు గుంపుగా దిగుతుంటే గుడ్డ చించినట్టు చప్పుడు. నోరు తెరుచుకుని చూస్తున్నాను. అంతలో నీళ్ల మధ్య పాతిన కొయ్య మీద నల్లటి పిట్ట కనబడింది. రెండు రెక్కలూ బారచాపి, కదలకుండా, అచ్చం సిలువ వేసినట్టే ఉంది.

“అయ్యో, దాన్నెవరో కట్టేశారయ్యా!”

ఆయనా మెట్ట మనిషే. పనిలో చేరింది అంతకుముందు ఎండాకాలంలోనే. అలాంటి పిట్టను ఆయనా ఎరగడు.

“అవునే, కదలట్లేదు!”

“ఆదివారం పూట దాన్నట్లా చూస్తా నిలబడతావా?” అన్నాను.

అంతే, పంచె ఎగ్గట్టి దిగాడు. నడుం లోతుకు వెళ్లేసరికి ఆ పిట్ట రెక్కలు ముడిచి, తాపీగా ఎగిరిపోయింది. రేవులో ఆడవాళ్లు పకపకా నవ్వారు.

“ఏం అల్లుడా, నీటికాకిని కూరొండుకుంటావా?”

అప్పుడే కట్ట మీద సైకిల్ గంట మోగింది. ఓవర్సీరు! మా ఆయన ఉద్యోగం ఆయన చేతిలోనే ఉంది.

“ఎవుర్రా నీళ్లలో?”

మా పక్కింటి సాయిబుల ముసలమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. రేవులోనే ఉన్న ఆమె తన ఖాళీ బిందెను చటుక్కున నీళ్లలోకి విసిరి అరిచింది.

“నా బిందె కొట్టకపోతంటే నేనే దింపినానయ్యా! ఇత్తడి బిందె, పోతే నువ్వు కొనిస్తావా?”

“బిందె ఇక్కడుంటే వాడు అక్కడెందుకున్నాడు?”

“కొత్త పెళ్లికొడుకు. గట్టు మీద పెళ్లాం చూస్తంటే వాడికి దిక్కులు తెలుస్తయ్యా?”

ఓవర్సీరు నన్ను చూశాడు. నవ్వాపుకోలేక, “బిందె తీసి బయటికి రారా” అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అత్త నా వైపు తిరిగింది. “పిచ్చిమొకమా, ఆ కాకి రెక్కలారబెట్టుకుంటంది. మీ ఆయన్ని కూడా అట్లా నిలబెట్టు, ఆరతాడు!”

నిజంగానే చేతులు చాపి నిలబడ్డాడు, మహానుభావుడు. తడి పంచెతోనే ప్రార్థనకు వెళ్లాం. ఆ ఏడే ఉద్యోగమూ ఖాయమైంది.

ఏందమ్మాయ్, నవ్వుతున్నావా రాస్తున్నావా? ఏదీ, మొదటి నుంచి చదువు. అత్త మాటలు కాస్త గట్టిగా చదవాలి.