బరకం కప్పిన కారు

ఆ రోజుల్లో మా వైపు ఇళ్లల్లో కారు కొనడమంటే ఇంట్లో ఇంకో మనిషి పెరిగినట్టే. దానికి పడుకోవడానికో చోటు చూడాలి, కప్పుకోవడానికో దుప్పటి చూడాలి, దిష్టి తగలకుండా ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాలి. ఇప్పుడు మా అపార్టుమెంటు కింద వరసగా నిలబడ్డ కార్లను చూస్తే, సొంతదారులకి వాటి మీద అంత బెంగ ఉన్నట్టు కనపడదు. నాకు మాత్రం ఎవరైనా కారుకి కవరు తొడుగుతూ కనపడితే కాళ్లు అక్కడే ఆగిపోతాయి. "లోపల తడేమీ లేదు కదండీ?" అని అడిగేస్తాను. (అడిగిన ప్రతివాళ్లూ నన్ను అదోలా చూస్తారు. చూడనివ్వండి. వాళ్లకేం తెలుసు నా బాధ.)

అప్పుడు నాకు ఏలూరులో ఓ ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం కొత్తగా వచ్చింది. అమ్మా నాన్నా కామవరపుకోటలో ఉండేవారు. నేను దెందులూరు దగ్గర మా పెదనాన్న ఇంట్లో ఉంటూ ఏలూరు వెళ్లొచ్చేవాణ్ణి. పెదనాన్నకి వరి చేలున్నాయి, ట్రాక్టరుంది, మాట మీద నిలబడతాడన్న పేరుంది. ఆ ఏడు ఏమనిపించిందో, పాతదే అయినా చూడముచ్చటైన తెల్ల కారొకటి కొన్నారు. ఆయనకి నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. "నువ్వున్నావు కదరా" అన్నారు. అలా నేను కాలేజీలో లెక్చరర్నీ ఇంట్లో డ్రైవర్నీ అయ్యాను. ధాన్యం కొట్టులో బస్తాలు ఓ పక్కకి జరిపి కారుకి చోటు చేశాం. మంచి కప్పు, నాలుగు గోడలు, తలుపులు, తాళం. కానీ ఊక దుమ్ము రోజూ వేలెడు మందాన పేరుకునేది. పైగా మా పెద్దమ్మ పెంచే నల్లకోడి బానెట్ మీద మకాం పెట్టింది. దాంతో కవరు కొనక తప్పదని ఇంట్లో తీర్మానమైంది.

ఏలూరులో కార్లకి సీటు కవర్లు కుట్టే ఓ భాయ్‌గారి దుకాణానికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, "కారు బయట పెడతారాండీ, లోపల పెడతారాండీ?" అని అడిగారు.

"లోపలేనండీ, మా ధాన్యం కొట్లో" అన్నారు పెదనాన్న.

"అయితే ఈ నూలు గుడ్డది పట్టుకెళ్లండి. దుమ్ము ఆపుద్ది, గాలి ఆడుద్ది, రంగు గీసుకుపోదు."

పెదనాన్న ఆ గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపారు, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు, పట్టుచీర చూసినట్టు అంచులు చూశారు. చివరికి, "దీని మీద చెంబుడు నీళ్లు పోస్తే ఆగుతాయాండీ?" అన్నారు.

"ఆగవండీ. కొట్లో వానెందుకు పడుద్దండీ?"

"తుఫానొస్తేనో?"

"కొట్టు కప్పే ఎగిరిపోయాక ఇంక కవరేం చేస్తదండీ?" అన్నారు భాయ్‌గారు, ఎంతో మర్యాదగా.

పెదనాన్న నిజమేనన్నట్టు తలూపి గుడ్డ తిరిగి ఇచ్చేశారు. కొనే ఉద్దేశం మాత్రం లేదు. ఆయన తప్పేం లేదు లెండి. కోతలయ్యి ధాన్యం కళ్లంలో ఉండగా మబ్బు పట్టడం, అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తి రాశుల మీద బరకాలు లాగడం, ఇదే ఆయన జీవితమంతా. (బరకమంటే ధాన్యం రాశి మీద కప్పే మందపాటి ప్లాస్టిక్ పట్టా. చుక్క నీరు దిగదు.) నీళ్లు దిగే గుడ్డ కప్పడమంటే ఆయన దృష్టిలో అసలు కప్పకపోవడమే. దుకాణం మెట్లు దిగుతూనే, "ఇంట్లో ఇన్ని బరకాలు పెట్టుకుని గుడ్డముక్కలు కొనుక్కోవడమేంట్రా" అన్నారు. ఆ సాయంత్రమే మా కారు మీదికి నీలం బరకం ఎక్కింది. దాని చుట్టూ తాళ్లు బిగించి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టారు. గాలి దూరే సందెక్కడైనా మిగిలిందేమోనని పెదనాన్న చుట్టూ తిరిగి చూసుకుని, తృప్తిగా చేతులు దులుపుకున్నారు. నల్లకోడి కూడా కాసేపు చూసి, ఇక లాభం లేదనుకుని ట్రాక్టరు మీదికి మారిపోయింది.

ఆషాఢంలో నారుమళ్లకి విత్తనాల బస్తాలు ఆ కారులోనే తెచ్చాం. ఒక బస్తాకి ఎలక కొట్టిన కన్నం ఉందని దింపేటప్పుడు గానీ తెలియలేదు. పెద్దమ్మ చీపురు పట్టుకుని వంగి ఊడ్చింది గానీ, కారు సీట్ల కిందికి దూరే చీపురు ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

శ్రావణం వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి నాకో సంబంధం వచ్చింది. అంతకుముందు చూసిన సంబంధాలన్నీ "ఆలోచించుకుని కబురు చేస్తామండీ" అన్న మాటతోనే ముగిశాయి, ఆ కబుర్లు ఇప్పటికీ దారిలోనే ఉన్నాయి. ఈసారి ఫోనులో అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచి నా పరిస్థితి ఏమీ బాగోలేదు. బోర్డు మీద సగం సూత్రం రాసి ఆగిపోయేవాణ్ణి. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇంక పెళ్లి మాటే ఎత్తొద్దని ఇంట్లో చెప్పేద్దామనుకున్నాను. పెదనాన్న మధ్యవర్తికి ఫోన్ చేసి, "ఈ ఆదివారం కాక పై ఆదివారం మా కారులోనే వస్తామండీ" అని గట్టిగా చెప్పారు.

దానికి ముందు ఆదివారం కారు కడగడానికి పూనుకున్నాం. నేను మోచేతులదాకా సబ్బు పూసుకుని పైన రుద్దుతుంటే, పెదనాన్న నాలుగు తలుపులూ బార్లా తీసి, ట్రాక్టరు కడిగినట్టే పైపు లోపలికి పెట్టేశారు. సీట్లు, తివాచీలు అన్నీ శుభ్రంగా తడిశాయి. సరిగ్గా అప్పుడే కొల్లేరు వైపు నుంచి మబ్బు పట్టింది. మబ్బు కనపడితే పెదనాన్న కాళ్లూ చేతులూ ఆయన మాట వినవు. "లాగరా బరకం!" అని ఒక్క కేక పెట్టారు. కారు కొట్లోకి వెళ్లిపోయింది, అద్దాలు మూసేశాం, బరకం కప్పేశాం, తాళ్లు బిగించేశాం. కప్పున్న కొట్లో వాన ఎక్కడ పడుతుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆ వారమంతా కాలేజీలో నేను చెప్పిన పాఠం ఉష్ణం. మూత పెట్టిన గిన్నెలో ఆవిరి ఎక్కడికి పోతుందో చెప్పమని పిల్లల్ని నిలబెట్టి మరీ అడిగాను.

పెళ్లిచూపుల రోజు పొద్దున్నే బరకం లాగాం. తలుపు తీయగానే వాసన మమ్మల్ని వెనక్కి నెట్టింది. అసలే శ్రావణంలో కొల్లేటి గాలికి డబ్బాలో అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇంక బరకం కింద తడి కారు సంగతి చెప్పాలా? సీట్లన్నీ బూజు. స్టీరింగు తెల్లగా ఉంది. "దీనికి పిండి రాశారేంట్రా ఎవరో?" అన్నారు పెదనాన్న నీరసంగా. పెద్దమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"తడి ధాన్యం మీద బరకం కప్పితే ఊళ్లో అందర్నీ నిలబెట్టి తిడతారు కదండీ. మరి ఇదేంటండీ?"

"ఇది ధాన్యమేంటే, కారు!" అన్నారు పెదనాన్న.

బస్సులో వెళ్దామని నేను బతిమాలాను. కారులో వస్తామని మాటిచ్చాక బస్సు దిగడం కుదరదన్నారు. సీట్లు తుడిచాం, పాత దుప్పట్లు పరిచాం. పెద్దమ్మ ధూపం వేసి, సాంబ్రాణి దండిగా గుప్పి, ఆ ధూపం పాత్ర కారు లోపల పెట్టి తలుపులు మూసింది. కాసేపటికి సందుల్లోంచి పొగ రావడం చూసి, ఎదురింటాయన బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని శాంతింపజేసి బయల్దేరాం. పెదనాన్న ముందు కూర్చున్నారు. వెనక పెద్దమ్మ, కింద తివాచీ ఇంకా చెమ్మగా ఉందని కాళ్లు సీటు మీద మడిచి పెట్టుకుంది. భీమడోలు దాటాక వాన మొదలై అద్దాలు మూయాల్సొచ్చింది. ఆ తరవాత దారి గురించి నేను ఏమీ చెప్పదలుచుకోలేదు.

మా అమ్మా నాన్నా బస్సులో వచ్చి అప్పటికే కూర్చుని ఉన్నారు. (హాయిగా, ఏ వాసనా లేకుండా.) అమ్మాయి వాళ్ల నాన్నగారిదీ వ్యవసాయమే. చేలు ఉండి అనే ఊరి దగ్గర, ఇల్లు తాడేపల్లిగూడెంలో. అమ్మాయి వచ్చి కూర్చుంది. ఫొటో అబద్ధం చెప్పలేదు. నా వైపు ఓసారి చూసి, కొంచెం ముక్కు ఎగబీల్చి, "పూజ చేసుకొచ్చారాండీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ, "పూజ కానిదే మావాడు మంచినీళ్లు కూడా ముట్టడమ్మా" అనేసింది. (ఆ మాట నిలబెట్టుకోవడానికి నేను ఆ తరవాత పడ్డ అవస్థ వేరే కథ.)

జంతికలు తిన్నాం, కాఫీ తాగాం, వానల గురించి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే వాళ్ల నాన్నగారు చేతులు జోడించి ఆ మాట అననే అన్నారు. "ఆలోచించుకుని కబురు చేస్తామండీ." నవ్వుతూనే నమస్కారం పెట్టాను, అదే ఎక్కువ.

ఇంతలో అమ్మాయి వాళ్ల నాయనమ్మ చేతిసంచి పట్టుకుని బయటికొచ్చింది. "మీరెళ్లేది ఉంగుటూరు మీంచేగా బాబూ. మా కూతురింటి దగ్గర దింపెయ్యండి" అంది. కాదనడమెలా? అందరూ కారు దగ్గరికొచ్చారు. మనవరాలు చెయ్యి పట్టుకుని వెనక తలుపు తీసింది. ముసలావిడ ఒక కాలు లోపల పెట్టబోయి, వంగి చూసి, అలాగే ఆగిపోయింది.

"ఏవండీ, కారులో నారు పోశారేంటండీ?"

అందరం వంగాం. ముందు సీటు కింది నుంచి, తివాచీ అంచుల వెంబడి బెత్తెడు ఎత్తున వరినారు! ఎండ తగలక పసుప్పచ్చగా, కానీ ఒత్తుగా, వరస తప్పకుండా వచ్చింది. గింజల్ని తడిపి, గాలి తగలకుండా కప్పి, వెచ్చగా ఉంచడం. విత్తనానికి మండె కట్టేటప్పుడు పెదనాన్న ఏటా చేసే పనే కారుకీ చేశాం. నాకు ఆ సీటు కిందే దూరిపోవాలనిపించింది. అప్పుడు వాళ్ల నాన్నగారు కళ్లజోడు సర్దుకుని ఇంకాస్త వంగారు.

"ఏ రకమండీ?"

"స్వర్ణండీ" అన్నారు పెదనాన్న.

"మొలక బాగుందండీ. విత్తనం ఎక్కడిది?"

ఇద్దరూ కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని విత్తనం గురించి మాట్లాడుకోసాగారు. అమ్మాయి మొదట పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేక తలుపు పట్టుకుని వంగిపోయి నవ్వింది. ఆ నవ్వు విని నా పని అయిపోయిందనుకున్నాను. నాయనమ్మ మాత్రం కొడుకు వైపు తిరిగి, "ఇంకా ఆలోచించేదేంట్రా? వాళ్లు పెళ్లి పాలికలు కూడా మొలిపించుకుని వచ్చేస్తేనూ!" అంది. పెళ్లికి ముందు మూకుళ్లలో పోసే మొలకలతో సమానమని ఆవిడ లెక్క. ఆ నారుని తొక్కకూడదని సీటెక్కి కాళ్లు మడుచుకుంది. ఉంగుటూరు దాకా వానే, అద్దాలు మూసే ఉన్నాయి. వెనక పెద్దమ్మా ఆవిడా పక్కపక్కన బాసింపట్టు వేసుకుని కబుర్లాడుకున్నారు. వాసన గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. దిగేటప్పుడు నా భుజం తట్టి, "మావాడు కబురు చేసేదేంటి బాబూ, నేను చెప్తున్నానుగా" అంది.

ఇప్పుడున్న మా కారు కవరు సంగతి మా ఆవిడే చూస్తుంది. భాయ్‌గారి దగ్గర కొన్న నూలు గుడ్డదే. కప్పే ముందు తివాచీల కింద చెయ్యి పెట్టి చూసి, "ఆరిందాండీ?" అని అడుగుతుంది. నేను ప్రతిసారీ ఆరిందనే చెప్తాను, ఆవిడ ప్రతిసారీ నమ్మదు. ఆ రోజు భాయ్‌గారి మాట విని ఆ గుడ్డే కొని ఉంటే కారు చక్కగా ఆరిపోయేది, మేం మర్యాదగా వెళ్లి మర్యాదగా వచ్చేవాళ్లం, ఆ కబురు కూడా మిగతా కబుర్లతో పాటు దారిలోనే ఉండిపోయేది. కప్పున్న కొట్లో నిలబడి, మబ్బుకి భయపడి, సబ్బు చేతులతో తాళ్లు బిగిస్తున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

పెదనాన్న పోయారు. ఆ తెల్ల కారు ఎప్పుడో అమ్మేశాం. బరకం మాత్రం మా అటక మీదే ఉంది, చిరుగులు పడి, రంగు వెలిసి. పారేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఏటా ఓసారి దింపి, దులిపి, డాబా మీద ఎండలో పరిచి, బాగా ఆరాకే మడత పెడుతుంది.