గట్టు మీద గుచ్చిన పుల్ల

ఆనందపురం అవతల పన్నెండు కుటుంబాల పొలం ముక్కలు కాకుండా నేను ఒక్కడినే ఆపాను. వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి కూడా చెబుతాను. మధ్యలో నా మాటల్లో గాలి ఎక్కువైందనిపిస్తే కంగారు పడకండి, నేనే తీసేస్తాను.

ఎనభైల మొదట్లో, శ్రావణమాసం. విశాఖ పోర్టులో రిటైరై పూర్ణా మార్కెట్ వెనక సందులో కాలక్షేపం చేస్తున్నాను. మా చెల్లెలి మొగుడు అప్పన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో పన్నెండు కుటుంబాలు గట్లు చెరిపేసి, ఉన్న పొలం చెక్కలన్నీ కలిపి మూడేళ్ళుగా ఉమ్మడిగా సాగు చేసుకుంటున్నాయి. అప్పన్నకి ఇప్పుడు తన రెండెకరాలు వెనక్కి కావాలి. కౌలుకిచ్చేసి ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లోకి పోతాడట. నీటికాలవ అతని చెక్కలోంచే పోతుంది. అది విడిపోతే మిగతా పదకొండు ఇళ్ళ సేద్యమూ చెల్లాచెదురే. "నువ్వు పోర్టులో సేసినోడివి, నువ్వు సెబితే ఇంటారు బావా" అని రాశాడు.

నిజమే, పోర్టులో నా మాటకి ఓడలు ఆగేవి. సరే, ఓడలు కాదు, లారీలు. గేటు దగ్గర చీటీలు చూసేవాణ్ణి.

పొద్దున్న ఆరున్నర బస్సు. ఎక్కేముందు బస్టాండు బయట రెండిడ్లీలు, ఒక టీ. టిక్కెట్టు రూపాయిన్నర. నా పక్కన మార్కెట్లో వంకాయలమ్మేసి ఖాళీ బుట్టతో ఇంటికెళ్తున్న ఆవిడ కూర్చుంది.

"ఎంతవరకు బాబూ?"

"ఆనందపురం. పెద్ద పంచాయితీ ఉంది. నేను తీర్పు చెప్పాలి."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పంచె తెల్లగున్నాది. జాగర్త."

మధురవాడ దాటాక ఎండొచ్చింది. ఎర్రమట్టి, జీడితోటలు, మధ్యమధ్య దమ్ము చేసిన మళ్ళు. ఏడూ ముప్పావుకి దిగేసరికి అప్పన్న కాచుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచి అరగంట నడక. దారంతా ఒకటే గోల.

"ముసల్ది పైడమ్మ రెండు కుదుళ్ళు నాటేసరికి నాను ఆరు నాటతాను. నా పక్కనే ఉంటాది కదా, దాని వాటా కూడా నానే నాటాల. పంటకాడ ఇద్దరికీ ఒకటే. ఇదేటి నాయం బావా?"

"చూస్తూండు, నీ రెండెకరాలూ మధ్యాహ్నానికల్లా నీ చేతిలో పెడతాను" అన్నాను. నా ఉపన్యాసం రెండు కాగితాల మీద రాసి జేబులో పెట్టుకునే వచ్చాను.

పొలం దగ్గర పద్దెనిమిది మంది ఆడా మగా మడిలోకి దిగబోతున్నారు. అప్పన్న కంచెలోంచి ఒక పుల్ల విరిచి గట్టు మీద గుచ్చి మరీ దిగాడు.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

జవాబు నూకాలు చెప్పింది. ఆ ఏడాదికి అందరూ కలిసి ఎన్నుకున్న పనిపెద్ద ఆవిడ. "ఎవుళికి కోపమున్నా ఒక పుల్ల గుచ్చీసి దిగాల బాబూ. సేలో ఆ ఊసెత్తకూడదు. సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక పుల్ల పీకి సెప్పాల, అందరం ఇంటాం. బుర్రలో తగువెట్టుకుని నాటితే వరస వంకరపోతాది."

"నేను తీర్పు చెప్పడానికి..."

"సాయంత్రం సెబుదువు గానీ. సెరువు నీళ్ళు ఈ రోజే మావి, రేపు కింది ఊరోళ్ళవి. నారు పీకీసినాం. పైడమ్మ కూతురింటికి ఎల్లినాది, ఒక సెయ్యి తక్కువున్నాది. దిగు."

నాట్లలో నన్ను మించినవాడు లేడని చెప్పి దిగాను. అప్పటికి నేను నాటినవి ఒక తులసి మొక్క, ఒక కరివేపాకు మొక్క. కరివేపాకు బతకలేదు.

మడికి అడ్డంగా తాడు కడతారు. తాడు వెంట ఎవరి ముందున్న బారెడు మేర వాళ్ళు నాటుతారు. అందరిదీ అయ్యాక నూకాలు "జరుపు!" అంటుంది, తాడూ మనుషులూ ఒక్క అడుగు వెనక్కి జరుగుతారు. ఒక్కరిది కాకపోయినా తాడు కదలదు.

ఊరికే ఎందుకని నేను రష్యా ఓడ కథ ఎత్తుకున్నాను. కెప్టెను నన్ను కౌగిలించుకునే ఘట్టానికి వచ్చేసరికి అందరి తలలూ పైకి లేచాయి. వరస పాములా మెలిక తిరిగింది.

"బాబూ," అంది నూకాలు, "నీ ఓడని కూడా గట్టు మీద లంగరేసి రా."

వెళ్ళి నేనూ ఒక పుల్ల గుచ్చి వచ్చాను. ఆ తర్వాత మాటల్లేవు. నీళ్ళలో వేళ్ళు దిగే చప్పుడు, "జరుపు" అన్న కేక, అంతే. ఎవరి కళ్ళు వాళ్ళ చేతుల మీద. కాసేపటికి ఒకటి గమనించాను. నేను నారు కట్ట విప్పుకునే లోపలే నా ముందు నాటు పడిపోయి ఉంటోంది. పక్కనుంచి అప్పన్న చెయ్యి.

"బావా, నువ్వు నాటకు. నువ్వు నాటింది పీకి మళ్ళీ నానే నాటతన్నాను. వొంగుని ఉండు సాలు."

వరసంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

మధ్యాహ్నం గట్టు మీద గంజన్నం, ఉల్లిపాయ, నెత్తళ్ళ చేపల వేపుడు. నేను నాలుగుసార్లు పెట్టించుకున్నాను. సరే, ఐదు. పక్కనే పుల్లలు రెండూ ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

నాలుగున్నరకి ఆఖరి తాడు జరిగింది. చెరువు తూము ఇంకా తెరిచే ఉంది. కాలవలో కాళ్ళు కడుక్కుని అందరూ గట్టెక్కారు.

"అప్పన్నా, సెప్పు" అంది నూకాలు. ఆ గొంతులో పొద్దుటి జోరు లేదు. కాలవ ఎవరి చెక్కలోంచి పోతోందో ఆవిడకి తెలుసు.

అప్పన్న పుల్ల పీకాడు. నేను గొంతు సవరించుకుని జేబులో చెయ్యి పెట్టాను. కాగితాలు బురద ముద్దయ్యాయి.

వాడు పుల్లని చూశాడు, నన్ను చూశాడు. "పైడమ్మ మెల్లిగా నాటతాదని సెబుదామనుకున్నాను. ఈ బావ అసలు నాటనేదు. ఈయన వాటా అంతా నానే నాటినాను. ఒక్కపాలి కూడా కోపం రానేదు, నవ్వొచ్చినాది. ఇంక రేపు పైడమ్మ మీద ఏ మొహమెట్టుకుని కోప్పడాల?"

"మరి ఉక్కు ఫ్యాక్టరీ?" అన్నాను.

"అదెక్కడికీ పోదు. కోతలయ్యాక సూద్దాం." మడమకి అంటుకున్న బురద ఆ పుల్లతోనే గీక్కుని కాలవలో పారేశాడు.

నూకాలు అప్పుడు కూర్చుంది. "బాబూ, నీ పుల్ల పీకు. ఆ కెప్టెను ఏటి సేసినాడు?"

ఆరుంబావు బస్సుకి తిరుగు ప్రయాణం. ఒళ్ళో బీరకాయల సంచి, నడుములో నిప్పులు.

"ఏటి బాబూ, కాలవలో పడిపోనావా?" అన్నాడు కండక్టరు, నా పంచె చూసి.

"పన్నెండు కుటుంబాల్ని నిలబెట్టి వస్తున్నాను" అన్నాను.

ఇంటికెళ్ళి మా ఆవిడకీ అదే చెప్పాను. మీకూ మొదట అదే చెప్పాను. ఇప్పుడు గాలి తీసేస్తున్నాను. ఆ పొలంలో నేను తీర్పు చెప్పలేదు, ఒక్క కుదురు కూడా సరిగ్గా నాటలేదు. పైడమ్మ కంటే నెమ్మదిగా పని చేశాను, అంతే. ఆ పని నాకంటే బాగా చేసేవాడు విశాఖపట్నంలో లేడు. ఈ ఒక్క మాటలో మాత్రం గాలి లేదు.