ఏ లైన్లో తింటావని అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని ఫిల్మ్ నగర్ సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. ఓ మూల తపాలా బిళ్ళంత ఆవిడ ఫోటో. మిగతా జాగా అంతా నమస్కారం పెడుతున్న ఓ నిర్మాతగారే. పోయిందెవరో అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

నేను సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌ని. జూబ్లీ హిల్స్ నుంచి కిందికి దిగే రోడ్డులో, మందుల షాపు మీద మేడ గదిలో ఆవిడ క్లినిక్ ఉండేది. డాన్సర్లు, లైట్‌మెన్లు, డ్రైవర్లు, నాలాంటివాళ్ళు, కడుపులో ఏ తేడా వచ్చినా ఆ మెట్లే ఎక్కేవాళ్ళం. అవుట్‌డోర్ షూటింగుల్లో తిళ్ళు తినేవాళ్ళకి కడుపులో తేడాలకేం కొదవ.

మొదటిసారి నెత్తురు విరేచనాలతో వెళ్ళాను. మలం పరీక్షకని చిన్న డబ్బా చేతిలో పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయి, "ఏదో ఒక మందు రాసిచ్చేయండి మేడమ్" అన్నాను. "ఏ పురుగో తెలీకుండా ఏ మందు రాయమంటావమ్మా? మీ హీరోయినొచ్చినా ఇదే డబ్బా ఇస్తాను" అన్నారు. అమీబా అని తేలింది. మందులు పూర్తిగా వాడేదాకా నన్ను వదిలితే ఒట్టు. నేను కింద రోడ్డు మీద పోతుంటే కిటికీలోంచి తొంగిచూసి, "విరేచనం గట్టిపడిందా?" అని వీధి వీధంతా వినేలా కేకేసేవారు. "రెండ్రోజులు మింగి మానేస్తే చేతకాని పురుగులే చస్తాయి, గట్టివి నీ కడుపులోనే కాపురం పెడతాయి" అనేవారు.

పొట్ట నొక్కి చూసేటప్పుడు ఆవిడ పొట్ట వంక చూసేవారు కాదు, మన మొహంలోకి చూసేవారు. నొప్పి లేదని నోటితో అబద్ధం చెప్పొచ్చు, మొహంతో చెప్పలేమట.

ఒక వేసవిలో పెద్ద పాట తీస్తున్నారు. యూనిట్లో ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆవిడ అడిగింది ఒకటే, "భోజనానికి ఏ లైన్లో నిలబడతావు?" అని. సెట్లో అందరూ ఒకచోట తినరు. హీరోకి ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది, డైరెక్టర్ వాళ్ళకి టెంటు, టెక్నీషియన్లకి టేబుళ్ళు. డాన్సర్లకీ లైట్‌మెన్లకీ లైను. జ్వరాలన్నీ లైన్లోవాళ్ళకే. ఆ లైను చివర మజ్జిగ డ్రమ్ము, అందులో చేపల బండి మీద పెట్టే ఐసు దిమ్మ. నేను క్లినిక్‌లోనే ఉన్నాను, ఆవిడ ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోన్ చేసి, "ఇది టైఫాయిడ్‌లా ఉంది, ముందు ఆ మజ్జిగ ఆపించండి" అన్నారు. "ఎండలో చల్లటి మజ్జిగ పోయించినా తప్పేనా మేడమ్?" అని అవతల అతను నవ్వడం నాకూ వినిపించింది.

మా పక్క పోర్షన్లో ఉండే డాన్సర్ పిల్లకి అప్పటికే చాలా రోజులుగా జ్వరం. రోజూ పొద్దున ఎవడో సెట్‌కొచ్చి ఇంజక్షన్ పొడిచేవాడు. మధ్యాహ్నానికి కాస్త దిగేది, ఆడేది. నేనే బలవంతంగా క్లినిక్‌కి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ పొట్ట నొక్కి, మొహం చూసి, రక్తం పరీక్షకి పంపి, వెంటనే ఆస్పత్రిలో చేరమన్నారు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "ముందు వరుసల నేనున్న గదక్కా. నడుమల మనిషి మారితే షాట్ అతకదన్నరు" అంది.

రక్తంలో ఏ పురుగూ పెరగలేదని రిపోర్టు వచ్చింది. మేనేజర్‌కి పండగే. "రిపోర్ట్ క్లీన్‌గా ఉంది కదండీ, ఎందుకండీ అమ్మాయిని భయపెడతారు?" అన్నాడు. ఆవిడ కోపంతో గొంతు పెంచడం నేను విన్నది అప్పుడే. "ముందే ఇంజక్షన్లు పొడిచి పురుగుని అణిచేసి, ఆనక రక్తంలో వెతికితే ఏం దొరుకుతుందయ్యా? కాయితం పక్కన పెట్టి పిల్లని చూడు" అన్నారు. ఎవరూ చూడలేదు. పాట పూర్తయ్యే రోజున ఆ పిల్ల పొట్ట పట్టుకుని సెట్లోనే కూలబడింది. పేగుకి చిల్లి పడిందన్నారు. ఆపరేషన్ చేశారు గానీ బతకలేదు.

ఆ పిల్లకి పాత అల్సర్ ఉండేదని ఒక ముక్క రాసిమ్మని వచ్చారు మేనేజర్ మనుషులు. "నేను చూసిందే రాస్తాను" అన్నారు డాక్టరమ్మ. అంతే. ఆవిడ దగ్గరికి వెళ్ళినవాళ్ళని షూటింగులకి పిలవరని మాట పాకింది. పొట్టకూటి మనుషులు, భయపడ్డారు. ఆ మెట్లు ఖాళీ అయిపోయాయి. ఆవిడ మాత్రం రోజూ వచ్చి తలుపు తీసి కూర్చునేవారు. మధ్యాహ్నం పెరుగన్నంలో మాగాయ ముక్క నంచుకుంటూ ఓసారి నాతో అన్నారు, "షూటింగ్ ఆగితే ఎవరూ చావరమ్మా. ఆపకపోతేనే." అంతకు మించి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆవిడ అనలేదు కాబట్టి నేనంటున్నాను. ఆనాటి మేనేజరే ఈనాటి ఫ్లెక్సీ నిర్మాత.

ఫ్లెక్సీ చూసి నేరుగా క్లినిక్‌కి వెళ్ళాను. తాళం వేసి ఉంది. మెట్ల మీద ఓ లైట్‌మన్, పెదాలు ఎండిపోయి, పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, డాక్టరమ్మ ఎన్నింటికొస్తది?"

పోయారని చెప్పాను.

"అయ్యో. గిప్పుడెట్ల? వారం సంది జరం దిగుతలేదు."

"పద, సర్కారు దవాఖానకి నేను తీసుకెళ్తాను" అన్నాను.

"షిఫ్ట్ ఉందక్కా. పొద్దుగాల సూది ఏపిచ్చిండ్రు, జర నయమే ఉంది. షిఫ్ట్ ఒడవంగనే పోత."

కింద యూనిట్ బస్సు హారన్ కొట్టింది. గోడ పట్టుకుని మెల్లగా దిగి, బస్సెక్కాడు. వెళ్ళొద్దని అరిచాను. కిటికీలోంచి నాకు చెయ్యూపాడు. మోచేతి మడతలో దూది ఇంకా అంటుకునే ఉంది.