మా వదిన అమ్మిన ఆంప్లిఫయర్

మా వదిన పోయిందన్న కబురు వేప్పనపల్లి దర్జీ తెచ్చాడు. హోసూరులో నేను షిఫ్టు దిగి ఫ్యాక్టరీ గేటు దాటుతుంటే, చేతిలో సంచి కూడా లేకుండా ఎదురుగా నిలబడి ఉన్నాడు. "అక్క పోయిందప్పా. నిద్రలోనే పోయింది" అన్నాడు. ఇద్దరం కృష్ణగిరి బస్సెక్కాం. శూలగిరి దాటాక అతను, పోయిన వారమే ఆమె తన ఆంప్లిఫయర్‌కు వాల్వు మార్చి ఇచ్చిందని చెప్పి కిటికీ వైపు తిరిగిపోయాడు.

వదిన గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. మా ఇంటికి వచ్చేదాకా రేడియో కూడా దగ్గరగా చూసి ఎరగదు. ఆమె చేతికి ఆ పని ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

అన్న కృష్ణగిరిలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో స్టీల్ గిటార్ వాయించేవాడు. గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడి చేతి వేళ్లతో మీటాలి. ఆంప్లిఫయర్ లేకపోతే ఆ పాట పక్క వరసకు కూడా వినబడదు. బెంగుళూరులో ఒక క్లబ్బువాళ్లు వాడి వదిలేసిన గాజు వాల్వులతో నడిచే పాత ఆంప్లిఫయర్ పెట్టెను అన్న కొని తెచ్చుకున్నాడు. దాన్ని విప్పడం, బాగు చేయడం తనే నేర్చుకున్నాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో హోసూరుకు వెళ్లి, అప్పుడప్పుడే లేస్తున్న షెడ్లలో ఒకదాంట్లో రేకులు కత్తిరించే ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. ఆ మిషనే ఒకరోజు అతని కుడిచేతి వేళ్లు మూడు తీసుకుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక గిటార్‌ను ఆర్కెస్ట్రాలో ఎవరికో ఇచ్చేశాడు. పెట్టె మాత్రం మంచం పక్కనే ఉండిపోయింది. అన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. వదిన దాన్ని అమ్మేస్తానంటే నాకు మనసొప్పలేదు, ఉండనీ అన్నాను.

"అది మూగగా పడుంటే మీ అన్నకు దినమూ ఆ చెయ్యే కనపడతాదప్పా. మోగే ఇంటికి పోనీ" అంది.

మైకుసెట్లు బాడుగకిచ్చే ఒకాయన మంచి ధరే చెప్పాడు. మామిడి మండీలో వేలం పాటలు కేకేయడానికని తెలిసి ఆమె ఇవ్వలేదు. తరువాత ఈ దర్జీ వచ్చాడు. పగలు బట్టలు కుట్టి, సాయంత్రాలు స్టీల్ గిటార్ నేర్చుకుంటున్న మనిషి. తన గిటార్‌ను దానికి తగిలించి, మా వసారాలో కూర్చుని, భయపడుతూ ఒక పాట వాయించాడు. రెండుచోట్ల తప్పాడు కూడా. వదిన చివరిదాకా విని పెట్టె అతనికే ఇచ్చింది. ఒకటే షరతు పెట్టింది. "చెడిపోతే ఈడికే తీసుకురాప్పా. ఇంక యాడా విప్పించొద్దు."

ఎవరు బాగు చేస్తారని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అన్న లోపల్నుంచి అంతా విన్నాడు, కానీ లేచి రాలేదు.

వానలు పడ్డాక పెట్టె తిరిగొచ్చింది. స్విచ్చి వేస్తే పాటకన్నా ముందు గుయ్యిమని ఒకటే మోత. వదిన వెనక చెక్క ఊడదీసింది. అన్న సామాన్లలోంచి సాల్డరింగ్ కడ్డీ తీసి కాల్చింది. ఊడిన తీగ ఒకటి కనబడితే అంటించబోయింది.

"ఆడ కాదు" అన్నాడు అన్న మంచం మీద నుంచి.

ఆమె చెయ్యి ఆపింది. అన్న లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎక్కడ అంటించాలో ఎడమ చేతి వేలితో చూపించాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి లేవలేదు.

మొగుణ్ణి లేపడానికే ఆమె కావాలని తప్పుచోట పెట్టిందని మా చుట్టాలు ఇప్పటికీ మెచ్చుకుంటారు. నేనొకసారి అడిగాను. "లేదప్పా, నిజంగానే తెలీక పెట్టినాను" అంది.

తరువాత ఏటా ఆడి మాసంలో, ఆషాఢం లాగే అప్పుడూ పెళ్లిళ్లు ఉండవు గనక, దర్జీ పెట్టెను మా ఇంటికి చేర్చేవాడు. అన్న చెప్పేవాడు, వదిన చేసేది. వాల్వుల గాజును పాత నూలుచీర ముక్కతో తుడిచేది. బొద్దింకలు చేరకుండా మూలల్లో వేపాకు పెట్టేది. చుట్టుపక్కల రేడియోలు కూడా ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. ప్లగ్గు తీసినా లోపల కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టకూడదన్నది అన్న ఆమెకు మొదట నేర్పిన పాఠం. అన్న కోపం మీదున్నప్పుడు నేనేదైనా అడగబోతే, "కొంచేపు తాళప్పా, ఇంకా లోపల కరెంటుంది" అనేది నవ్వకుండా.

అన్నీ కుదురుకున్నాయని చెప్పను. దర్జీ ఒకసారి గిటార్‌ను ఒళ్లో పెట్టబోతే, అన్న దాన్ని ముట్టుకోకుండానే లేచి వెళ్లిపోయాడు. వదిన అతణ్ణి వెనక్కి పిలవలేదు. దర్జీకి కాఫీ ఇచ్చి, మళ్లీ ఎప్పుడూ అట్లా చేయొద్దని మెల్లగా చెప్పింది.

బాగుచేసిన పెట్టెను వేప్పనపల్లికి వదినే చేర్చేది. బస్సు టాపు మీద వేయనిచ్చేది కాదు. తన సీట్లో దాన్ని కూర్చోబెట్టి తను నిలబడేది. కండక్టర్ గొణిగితే, "నేను నిలబడగలను, దానికి నిలబడే దానికి రాదప్పా" అనేదట. ఆ మాట బస్సంతా పాకేది.

మేము ఇల్లు చేరేసరికి అన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఇంక నాకు చెయ్యి యాడుందిరా" అన్నాడు. దర్జీ పోయి ఆయన పక్కన కూర్చున్నాడు.

నాకు మాత్రం ఆమె ఒక పెళ్లిలోనే కనబడుతూ ఉంది. వేప్పనపల్లి అవతల మామిడితోపు, ఎండాకాలం, పందిట్లో కూడా వడగాలి. దర్జీ వాయిస్తున్నాడు. అన్న పక్కన కూర్చుని కళ్లు మూసుకుని వింటున్నాడు. చెమటకు తడిసిపోయిన వదిన చేతికి పెళ్లివారి ఆడమనిషి ఒక విసనకర్ర ఇచ్చి వెళ్లింది. వదిన ఆ విసనకర్రతో వేదిక వెనక్కి నడిచి, పెట్టె వెనక ఎర్రగా వెలుగుతున్న వాల్వుల ముందు చతికిలబడి, పాట అయ్యేదాకా వాటికి విసురుతూ కూర్చుంది.