ఖో చెప్పని చేయి

1997 జూన్‌లో నన్ను మదనపల్లె నుంచి పుంగనూరులోని ఒక బాలికల ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా పి.ఇ.టి., అంటే వ్యాయామ ఉపాధ్యాయిని. పిల్లలకు డ్రిల్లు మేడం. లెక్కల పాఠం వెనకబడితే మొదట ఎగిరిపోయేది మా పీరియడే. ఆ బడిలో వాలీబాల్‌కు నెట్ లేదు, పరుగు పందేలకు చోటు లేదు. నేల మాత్రం చదునైన ఎర్రనేల. ఖోఖోకు అది చాలు. రెండు స్తంభాలు పాతించి జట్టు కట్టడం మొదలుపెట్టాను.

ఆట తెలియనివారికి ఒక మాట చెప్పాలి. రెండు స్తంభాల మధ్య ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి ఎదుటి జట్టును తరుముతుంది. ఆమె వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. అందుకని కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి, వినబడేలా ‘ఖో’ అనాలి. అప్పుడా అమ్మాయి లేచి తరుముతుంది, తట్టినామె ఆ చోట కూర్చుంటుంది. ఖో అనకముందే లేస్తే ఫౌల్. వెనకున్న మనిషిని నమ్మి ఆడాల్సిన ఆట అది.

జట్టులో అందరికంటే వేగం రెడ్డెమ్మది. తొమ్మిదో తరగతి. సదుం దగ్గర పల్లె, చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పండించే మెట్ట రైతుల ఇల్లు. అదే పల్లె నుంచి అదే బస్సులో వచ్చే మునెమ్మ ఆమె స్నేహితురాలు, జట్టులోనూ ఉంది. ఇద్దరూ ఒకే గిన్నెలో సంగటి తెచ్చుకుని వేపచెట్టు కింద తినేవాళ్లు.

మాధవి తండ్రికి బజారులో బట్టల దుకాణం. బడిలో ఆ అమ్మాయి చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవాళ్లు. ఆ తండ్రి జట్టుకు డ్రస్సులు కుట్టించి ఇచ్చాడు. మరుసటి రోజే హెడ్మాస్టరు నన్ను పిలిచి మాధవిని కెప్టెన్‌ను చేయమన్నారు. ఆట చూసి కదా సార్ పెట్టాలి అన్నాను.

“ఆట చూసి పెడితే డ్రస్సులు ఎవరిస్తారమ్మా?” అన్నారాయన. జట్టుకు వేరే డ్రస్సులు లేవు. మాధవినే కెప్టెన్‌ను చేశాను.

దసరా సెలవుల నాటికి మునెమ్మ మాధవి బృందంలో చేరింది. మధ్యాహ్నం దుకాణం మేడమీద వాళ్లతో కలిసి తినేది. పేరు కూడా మోనిక అయింది. ఒక సాయంత్రం రెడ్డెమ్మ గేటు దగ్గర నిలబడి, “మునెమ్మా, బస్సు వస్తాండాది, రా” అని పిలిచింది. మాధవి వాళ్లు పకపకా నవ్వారు. మునెమ్మ ముఖం ఎర్రబడింది. ఆ రోజు నుంచి రెడ్డెమ్మకు కష్టాలు మొదలయ్యాయి.

రెడ్డెమ్మ వాళ్లమ్మ కరువు ఏడు కూలికి పోయిన సంగతి, ఇంట్లో ఎవరు ఎవరి పాత లంగా కట్టుకున్నదీ అన్నీ మునెమ్మే మోసుకొచ్చి ఆ నలుగురికీ చెప్పి నవ్వించేది. రెడ్డెమ్మ పక్కకు వస్తే ముక్కు మూసుకునేవాళ్లు. నా కంట పడినప్పుడల్లా వాళ్లను మైదానం చుట్టూ పరిగెత్తించేదాన్ని. పరిగెత్తినంతసేపు ఆగేది, అంతే.

మునెమ్మ జోలికి పోకుండా ఉండలేవా అని రెడ్డెమ్మను అడిగితే, “బస్సెక్కినాక అది నాతో బాగనే ఉంటాది మేడం. ఈడే ఇట్లా” అంది. నాకు తల బాదుకోవాలనిపించింది.

నవంబరులో కుప్పంలో జోన్ పోటీలు. గెలుపోటములతో పనిలేకుండా, సెలెక్టర్లు అన్ని జట్ల నుంచీ మంచి ఆటగాళ్లను ఏరి జిల్లా పోటీలకు పంపుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటే కాలేజీ సీటుకు పనికొస్తుంది. పదో తరగతితో చదువు మాన్పిస్తానన్న రెడ్డెమ్మ తండ్రి, జిల్లాకు పోతే చూద్దాం అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆ పిల్ల కుప్పం వచ్చింది.

కుప్పం జట్టుతో ఆట. తరమడం మా వంతు. రెడ్డెమ్మ నాలుగో గడిలో కూర్చుంది. కాసేపటికే లేచింది. విజిల్, ఫౌల్. మళ్లీ లేచింది, మళ్లీ ఫౌల్. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతున్నారు. పక్క కుర్చీలోని సెలెక్టరు, ఆ అమ్మాయికి తొందరెక్కువ మేడం అన్నాడు.

విరామంలో అడిగాను. “వీపు మీద తడతాండారు మేడం. ఖో అనేది లేదు” అంది. ఎవరు అంటే తల వంచుకుంది.

మళ్లీ మా వంతు వచ్చేసరికి నేను స్తంభం పక్కన నిలబడ్డాను. మునెమ్మ పరుగున వచ్చి రెడ్డెమ్మ వీపు తట్టింది. పెదవులు కదపలేదు. కూర్చున్న మాధవి వైపు చూసింది. మాధవి నవ్వు ఆపుకుంటోంది. రెడ్డెమ్మ లేచింది, విజిల్ పడింది.

ఒక పిల్లను ఏడిపించడం కోసం తమ జట్టును తామే ఓడించుకుంటున్నారు. పాతికేళ్ల సర్వీసులో అంత విసుగు నాకు మరెప్పుడూ రాలేదు. అంపైరుకు చెప్పి కెప్టెన్‌తో సహా ఇద్దరినీ బయటికి పిలిచి, రిజర్వు పిల్లలను పంపాను.

“యాల చేసినావు?” అని మునెమ్మను అడిగాను.

“నాకేం తెల్దు మేడం” అంది మాధవి. “మునెమ్మే అనింది, దాన్ని అందరి ముందర నవ్వులపాలు చేస్తానని.”

పొద్దున కూడా మోనిక అని పిలిచిన నోరు.

మిగిలిన కొద్ది నిమిషాలూ రెడ్డెమ్మ చూడదగ్గ ఆట ఆడింది. అయినా ఓడిపోయాం. సెలెక్టరుతో వాదించాను. ఫౌళ్లు ఫౌళ్లే మేడం, పేర్లు అనుకోవడం అయిపోయింది అన్నాడు.

పుంగనూరు చేరేసరికి మాధవి తండ్రి హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉన్నాడు. “డ్రస్సులిచ్చింది నేను. మా పాపను యాల బయట కూసోబెట్టినారు?” అని అడిగాడు. ఆట రూల్సు చెప్పాను. ఆయనకు అక్కర్లేదు. హెడ్మాస్టరు రెడ్డెమ్మను, మునెమ్మను పిలిపించి చేతులు కలపమన్నారు.

“కలపమంటే కలుపుతాను సార్” అంది రెడ్డెమ్మ. “బస్సులో దాని పక్కన మాత్రం కూసోను.” కలిపింది. అన్నట్టే ఆ తర్వాత పక్కన కూర్చోలేదు.

ఆదివారం సదుం బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయాను. “పిల్లకాయలు ఇట్లుంటే పంపించి ఏం సేసేది మేడం?” అన్నాడు రెడ్డెమ్మ తండ్రి. ఇంకొక్క ఏడు చూడమని అడిగాను. ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు రెడ్డెమ్మ జిల్లాకు ఎంపికైంది, తర్వాత మదనపల్లెలో ఇంటర్ చదివింది. మునెమ్మను మాధవి మళ్లీ మేడ ఎక్కనివ్వలేదు. ఆ పిల్ల జట్టు నుంచి తప్పుకుని, పది పూర్తయ్యేదాకా ఒక్కతే కూర్చుని తినేది. రమ్మని నేను రెండుమూడు సార్లు పిలిచాను. రాలేదు.

తర్వాత పి.డి.గా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా, పదోన్నతి మీద మదనపల్లె వచ్చాక ఎన్నో జట్లు కట్టాను. పైనున్న పిల్లలకు క్రూరంగా ఉండాల్సిన అవసరం తక్కువని, ఆ మెట్టు కొత్తగా ఎక్కుతున్న పిల్లే తన వెనకటి మనిషిని తన్ని చూపించాల్సి వస్తుందని కుప్పంలో తెలిసింది. అందుకే జట్టు కట్టే ముందు మధ్యాహ్నం ఎవరు ఎవరితో తింటున్నారో, ఎవరు వస్తే ఎవరు లేచిపోతున్నారో కొన్నాళ్లు చూసేదాన్ని. కెప్టెన్ పేరు ఆ తర్వాతే చెప్పేదాన్ని. డ్రస్సులు ఇస్తామని వచ్చిన పెద్దమనుషులను పోటీలయ్యాక ఇమ్మన్నాను. ఎక్కువమంది ఇవ్వలేదు. పాతవాటితోనే ఆడించాను.